కొత్త నేల, పాత సోఫా

(ఇంటి అలంకరణ మీద జరిగిన సభలో ఒక ఇంటీరియర్ డిజైనర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినపడుతోందా? చెయ్యి ఊపండి. సరే.

ఈ పని ఇరవై ఏళ్లుగా చేస్తున్నాను కాబట్టి నాకన్నీ తెలుసనుకుని వచ్చి ఉంటారు. అందుకని ముందు మా ఇంటి సంగతి చెప్పేస్తాను.

పదేళ్ల కిందట మా ఇంట్లో పాత నేల అక్కడక్కడా పగిలి, కొత్త టైల్స్ వేయాల్సి వచ్చింది. గోడలు క్రీమ్ రంగు. సోఫా చట్రం, బీరువా, తలుపులు అన్నీ బంగారు ఛాయ ఉన్న టేకు. షాపులో ఒక లేత గ్రే టైల్ నచ్చింది. ఎంత హుందాగా ఉందో! గ్రే దేనికైనా కలిసిపోతుందని మా వృత్తిలో అందరికీ చెప్పేస్తుంటాం కదా, ఆ రోజు నాకు నేనే చెప్పుకున్నాను. వేయించాను. మేస్త్రీ ఆఖరి గది తుడిచి వెళ్లిపోయిన సాయంత్రం లైటు వేసి చూస్తే నేల లేత ఊదా రంగులో ఉంది. గోడలేమో పాత కాగితంలా పసుపెక్కి కనిపించాయి. ఆ గోడలకు అంతకుముందు ఎవరూ వంక పెట్టలేదు. మా అమ్మాయి వచ్చి, "అమ్మా, గోడలకు పొగ పట్టిందా?" అని అడిగింది. (నవ్వులు)

డబ్బా మీద నంబరు తీసి సరిచూశాను, ఎవరినైనా తిట్టొచ్చేమోనని. (నవ్వులు) నేను ఎంచుకున్న టైలే. తప్పు నాదే.

ఇలాంటి గొడవే దాదాపు రెండు వందల ఏళ్ల కిందట పారిస్‌లో జరిగింది. గోబెలిన్ అని గోడ తెరలు నేసే పెద్ద కార్ఖానా ఉండేది. 1824లో అక్కడి అద్దకం విభాగానికి షెవ్రూల్ అనే రసాయన శాస్త్రవేత్త అధిపతిగా వచ్చాడు. నల్ల నూలు సరిగ్గా నల్లగా రావడం లేదని ఆయనకు ఫిర్యాదు. ఆయన వేరే చోట్ల అద్దిన నల్ల నూలు తెప్పించి పక్కన పెట్టి చూశాడు. అద్దకంలో ఏ లోపమూ లేదు. ఆ నల్లదారాన్ని నీలం, ఊదా రంగుల పక్కన నేస్తున్నారు. ఆ పక్క రంగుల వల్ల నలుపు వెలవెలపోతోంది. రంగులు ఒకదాన్నొకటి ఎలా మార్చి చూపిస్తాయో ఆయన 1839లో పెద్ద పుస్తకమే రాశాడు.

మా ఇంట్లో జరిగింది కూడా అదే. కన్ను పక్కపక్కన ఉన్న రెండు రంగుల మధ్య తేడాను ఇంకాస్త పెంచి చూస్తుంది. పసుపు కలిసిన గోడ పక్కన గ్రే పెడితే, ఆ గ్రే పసుపుకు ఎదురు దిక్కుకు, అంటే నీలం, ఊదాల వైపు జరిగినట్టు కనిపిస్తుంది. ఆ నేల పక్కన గోడ మరింత పసుపెక్కి కనిపిస్తుంది. మరి షాపులో ఎందుకు తెలియలేదు? అక్కడ దాని చుట్టూ ఇంకా నీలంగా ఉన్న టైల్స్ నిలబెట్టి ఉన్నాయి. వాటి మధ్య ఇది పెద్దమనిషిలా కనిపించింది.

అందుకే నేల మార్చాలనుకున్నవాళ్లు ముందు షాపుకు వెళ్లకండి అంటాను. కర్టెన్లు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. గోడకు రంగు రెండు మూడు రోజుల పని. నేల అంటే సామాను మొత్తం కదలాలి, ఇల్లంతా దుమ్ము, మనుషులకు టెన్షన్. అంత పని పెట్టుకునే ముందు ఒక కాగితం తీసుకుని హాల్లో కూర్చుని, ఈ ఇంట్లోంచి ఏవి కదలవో రాయండి. తలుపులు, కిటికీ చట్రాలు, వంటింటి కప్‌బోర్డులు, గట్టు మీది గ్రానైట్, మార్చే ఉద్దేశం లేని పెద్ద సోఫా. హాల్లో కూర్చుంటే కనపడే బాత్రూం గోడ టైల్స్ కూడా. దిండ్ల గలీబులు, పూలకుండీలు రాయొద్దు. చాలామంది అక్కడే దారి తప్పుతారు. మొన్న ఒకావిడ తన నీలం దిండ్లకు సరిపోయే నేల కావాలన్నారు. దిండ్లకు నేలను సరిపెట్టకూడదు కదండీ! (నవ్వులు)

రాసిన వాటిలో ఎక్కువ చోటు తీసుకుని, గట్టి రంగున్నది ఏదో చూడండి. ఇంట్లో పెత్తనం దానిదే. ఎక్కువ ఇళ్లలో అది చెక్క. ఇప్పుడు దాని అండర్‌టోన్ తెలుసుకోవాలి. నేను దాన్ని అడుగు ఛాయ అంటాను. బేజ్ (అంటే లేత ఇసుక రంగు), గ్రే, ఆఫ్‌వైట్ అనేవి పేర్లే. ఆ పేరు కింద పసుపో, గులాబీయో, పచ్చో, నీలమో దాక్కుని ఉంటుంది.

ఎలా దాక్కుంటుందో చూపిస్తాను. ముందు వరుసలోని అమ్మా, మీరొకసారి రండి. ఈ టైల్ ముక్క పట్టుకోండి. ఏం రంగండీ? బేజ్. అవును, డబ్బా మీదా బేజ్ అనే ఉంది. ఇదిగో రెండో ముక్క. ఇదీ బేజే. విడివిడిగా చూస్తే రెండింటికీ పెద్ద తేడా చెప్పలేం. ఇప్పుడు రెండింటినీ ఈ తెల్ల కాగితం మీద, మామూలు ప్రింటర్ కాగితమే, పక్కపక్కన పెట్టండి. ఆఁ! మైకులో చెప్పండి... "మొదటిది గులాబీగా ఉంది, ఇంకోటి కాస్త పాచి రంగులా ఉంది." విన్నారు కదా. ఇందాక రెండూ బేజే. పక్కన అచ్చమైన తెలుపు ఉండేసరికి కంటికి ఒక కొలబద్ద దొరికింది. మీ ఇంట్లో టేబుల్‌కు, గోడకు, గ్రానైట్‌కు ఇదే కాగితం ఆనించి చూడండి. థాంక్యూ అమ్మా, కూర్చోండి.

టేకు, ఓక్ లాంటివి పసుపు, బంగారు ఛాయల వైపు ఉంటాయి. కొన్ని చెక్కలు ఎరుపు వైపు. వాల్‌నట్ గోధుమ రంగులో చాలాసార్లు చల్లదనం, అంటే బూడిద వైపు మొగ్గు ఉంటుంది. బంగారు చెక్క కింద గులాబీ బేజ్ నేల వేస్తే ఏదో తేడాగా ఉందని ఇంటికొచ్చినవాళ్లకు తెలుస్తుంది కానీ, ఏమిటో చెప్పలేరు. అదే చెక్క కింద పసుపు వైపున్న లేత బేజ్ వేస్తే గొడవే లేదు.

మరి పసుపు, ఎరుపుల వైపున్న వెచ్చని రంగు, నీలం వైపున్న చల్లని రంగు కలపకూడదా? ఈ మాట మీద మా వాళ్లలోనే వాదనలున్నాయి. కలపొచ్చనే నేనంటాను. బంగారు టేకు సోఫా కింద దాదాపు నలుపనిపించే స్లేటు రాయి వేసి చూడండి, ఎంత బాగుంటుందో. ఎందుకంటే అక్కడ తేడా కావాలనే పెట్టినట్టు తెలుస్తుంది. చిక్కంతా సగం దూరంలో వస్తుంది. కలిసీ కలవనట్టు, కలపబోయి కుదరనట్టు ఉంటే కన్ను ఒప్పుకోదు. నా గ్రే టైల్ పాపం కూడా అదే. క్రీముకు దగ్గరకూ రాలేదు, దూరంగానూ పోలేదు.

చెక్క నేల, లేదా చెక్కలా కనిపించే టైల్, లామినేట్ వేసుకునేవాళ్లకు ఈ సగం దూరం ఇంకా ప్రమాదం. ఫర్నిచర్ రంగే కావాలని ముక్క పట్టుకుని షాపులన్నీ తిరుగుతారు. అచ్చంగా అదే దొరికితే కుర్చీ కాళ్లు నేలలో కలిసిపోయి ఫర్నిచర్ మాయమవుతుంది. కాస్త అటూ ఇటూ అయితే కలపబోయి ఓడిపోయినట్టుంటుంది. అడుగు ఛాయ ఒకటే ఉంచి, ముదురులో రెండు మూడు మెట్లు పైకో కిందికో జరగండి. తేనె రంగు సోఫాకు బాగా లేత నేల, లేదా బాగా ముదురు నేల.

ఇంకో సంగతి. చెక్క ఈ రోజున్న రంగులో రేపుండదు. చెర్రీ చెక్క వెలుగు తగిలిన కొద్దీ ముదురుతుంది, వాల్‌నట్ తేలికపడుతుంది. ఆయిల్ బేస్ పాలిష్ ఏళ్లు గడిచే కొద్దీ పసుపెక్కుతుంది, నీళ్ల బేస్ పాలిష్‌లో ఆ మార్పు చాలా తక్కువ. కొత్త చెక్క నేల మీద తివాచీ వేసి ఏడాది తర్వాత తీస్తే, కింద చక్కగా దీర్ఘచతురస్రం గీసినట్టు వేరే రంగు కనిపిస్తుంది. అందుకని మొదటి కొన్ని నెలలు తివాచీని అప్పుడప్పుడు జరుపుతూ ఉండండి.

రంగు గురించి ఇంత మాట్లాడుకున్నాం. లేతా ముదురా అన్నది మాత్రం చాలామంది పట్టించుకోరు. నన్నడిగితే గది ఎలా అనిపిస్తుందనేది రంగు కన్నా దాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. ఉపరితలం తన మీద పడిన వెలుగులో ఎంత తిరిగి పంపుతుందో 0 నుంచి 100 దాకా లెక్క కడతారు. దాన్ని ఎల్‌ఆర్‌వీ అంటారు. అచ్చమైన నలుపు 0, అచ్చమైన తెలుపు 100. పెయింటు కంపెనీలు షేడ్ కార్డుల మీద వేస్తుంటాయి, కొన్ని టైల్స్‌కూ దొరుకుతుంది. పని చేసుకునే గదుల లైటింగ్ లెక్కల్లో పైకప్పుకు 70 నుంచి 90, గోడలకు 50 నుంచి 80, నేలకు 20 నుంచి 40 వరకు అనే కొలత ఎన్నాళ్లో వాడారు. ఇంటికి అదే పాటించాలని లేదు. కానీ వరస గమనించండి. పైన లేత, మధ్యలో కాస్త తక్కువ, కింద ముదురు. ఆకాశం, చెట్లు, నేల వరుస అదే కాబట్టి మనకు అలా ఉంటే స్థిమితంగా అనిపిస్తుంది. నేల బాగా ముదురు పెట్టాలంటే ఆ గదికి కిటికీ వెలుగు బాగా ఉండాలి. లేదంటే పగలే లైటు వేసుకోవాలి. అన్నీ తెల్లగా పెట్టేస్తే గది పెద్దదనిపిస్తుంది, నిజమే. కానీ సామానంతా గాల్లో తేలుతున్నట్టూ ఉంటుంది.

నేల రంగు నేల మీదే ఆగదు, అదీ గుర్తుంచుకోండి. ఎండ నేల మీద పడి పైకి లేచి గోడలకు తగులుతుంది. ఎర్రటి నేలున్న గదిలో తెల్లగోడ కింది భాగం గులాబీ రంగు తిరగడం మీరు చూసే ఉంటారు. అక్కడ గోడకు ఏ తెలుపు వేసినా అది అచ్చమైన తెలుపుగా కనపడదు.

ఇక శాంపిల్ చూడటం. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే మా ఇంట్లో నేను ఎగ్గొట్టిన పని ఇదే. షాపులో టైల్‌ను గోడకు ఆనించి నిలబెడతారు. అది గోడ టైల్ కాదు కదా. నిలబెట్టినప్పుడు వెలుగు ఒక తీరుగా పడుతుంది, పడుకోబెట్టినప్పుడు ఇంకో తీరుగా. అరచేతిలో పట్టుకుని మొహం దగ్గర పెట్టుకుని చూసేవాళ్లూ ఉన్నారు. నేలను మనం నిలబడి, నాలుగైదడుగుల ఎత్తు నుంచి చూస్తాం. సోఫాలో కూర్చుంటే ఇంకా ఏటవాలుగా చూస్తాం. అందుకని శాంపిల్‌ను కింద పడుకోబెట్టాలి. ఒకటి చాలదు. కనీసం నాలుగు టైల్స్ తెచ్చుకుని కలిపి పరవండి. అడుగున్నర చోటులో అందంగా అనిపించిన గట్టి రంగు గదంతా పరుచుకుంటే ఉక్కిరిబిక్కిరి చేస్తుంది.

పరిచేటప్పుడు ఒక చిన్న పని చేయండి. మీ పాత నేల ఏ రంగుదైనా చుట్టూ తెల్ల దుప్పటి కప్పేయండి. లేకపోతే కొత్త టైల్‌ను పాత నేలతో పోల్చి చూస్తుంటారు. ఆ పాత నేల వెళ్లిపోయేదే, దాని సలహా మనకెందుకు? సోఫా కాలు ఒక టైల్ మీదకి ఎక్కించండి. ఇంకో టైల్ గోడకు తగిలేలా ఉంచండి. పొద్దున్న, మధ్యాహ్నం, లైట్లు వేశాక, ఇలా మూడు పూటలూ చూడండి. నాలుగు రోజులు అలాగే వదిలేయండి. మొదటి రోజు నచ్చింది మూడో రోజుకు విసుగు పుట్టిస్తే అప్పుడే తెలిసినందుకు సంతోషించండి.

రాత్రి పూట అన్నాను కదా. బల్బు డబ్బా మీద 2700 కె, 6500 కె అని ఉంటుంది. 2700 అంటే పాత ఫిలమెంట్ బల్బులాంటి పసుపు వెలుగు. 6500 అంటే నీలం వైపున్న తెలుపు. 6500 గ్రే నేలలోని నీలాన్ని బయటికి లాగుతుంది, 2700 బేజ్‌లోని పసుపును పెంచుతుంది. అదే డబ్బా మీద సీఆర్‌ఐ అని ఇంకో అంకె ఉంటుంది, ఆ వెలుగు రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పేది. 80 మామూలు, 90 దాటితే రంగులు చాలావరకు నిజంగా కనపడతాయి. పగటి వెలుగులో చక్కగా జత కుదిరిన రెండు వస్తువులు రాత్రి బల్బు కింద విడిపోవడమూ ఉంది. అందుకే శాంపిల్ చూసేటప్పుడు మీరు రోజూ వాడే బల్బే వేయండి.

ఫోన్లో ఫొటో తీసి మా అక్కకు పంపాను, తను బాగుందంది అనకండి. ఫోను తనంతట తానే రంగులు సవరిస్తుంది. చల్లని గదిని వెచ్చగా చేస్తుంది, వెచ్చనిదాన్ని తెల్లగా చేస్తుంది. మీ అక్కగారు చూసింది మీ టైల్ కాదు. (నవ్వులు)

నిగనిగలాడే నేలకు ఇంకో చిక్కుంది. గుమ్మంలోంచి చూస్తే కిటికీ మొత్తం నేలలో ప్రతిబింబిస్తుంది. నాలుగు అడుగులు లోపలికి వేస్తే అప్పుడు అసలు రంగు బయటపడుతుంది. అదే రాయిని పాలిష్ చేస్తే ముదురుగా, చేయకుండా గరుకుగా వదిలేస్తే లేతగా కనిపిస్తుంది. గరుకు రాయిని తడిపి చూడండి, పాలిష్ చేస్తే ఎంత ముదురుతుందో సుమారుగా తెలుస్తుంది.

దుమ్ము సంగతి అడుగుతారని తెలుసు. బాగా ముదురు నేల మీద దుమ్ము, పాదముద్రలు కనపడతాయి. బాగా తెల్ల నేల మీద వెంట్రుకలు కనపడతాయి. మధ్యస్థంగా, కాస్త చారలో మచ్చలో ఉండి మ్యాట్‌గా, అంటే మెరుపు లేకుండా ఉన్నది అన్నింటినీ దాస్తుంది. అంతకన్నా చెప్పడానికేం లేదు.

పెద్దవాళ్లున్న ఇళ్లకు మాత్రం ఆగి చెప్పాలి. వయసు పెరిగే కొద్దీ కంటిలోని కటకం పసుపెక్కుతుంది. మనకు స్పష్టంగా తెలిసే లేత నీలానికీ గ్రేకీ తేడా వాళ్లకు తెలియకపోవచ్చు. మెరిసే నేల వాళ్లకు తడిగా ఉన్నట్టు అనిపిస్తుంది. అడుగు వేయడానికి భయపడతారు. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లకు లేత నేల మీద వేసిన నల్ల పట్టా గొయ్యిలా కనపడొచ్చు. అదే సమయంలో నేలకూ గోడకూ, మెట్టు అంచుకూ తేడా బాగా తెలియాలి. ఇందాక చెప్పిన ఎల్‌ఆర్‌వీలో కనీసం 30 తేడా ఉండాలని చూపు తగ్గినవాళ్ల కోసం కట్టే భవనాల్లో పాటిస్తారు. గోడ, స్కర్టింగ్ (గోడ అడుగున వేసే పట్టీ), నేల అన్నీ ఒకే ఐవరీలో వేసి మెట్టు కూడా అందులోనే కలిపేసిన ఇల్లు ఫొటోలో బాగుంటుంది. అక్కడ నడిచే మనిషి ఎవరో చూసుకోండి.

ప్రశ్నలుంటే అడగండి. ఆ చివర, మైకివ్వండి.

"మేడమ్, ఇల్లంతా ఒకే రంగు వేయాలా, గదికొకటి వేయొచ్చా?"

ఒక గదిలో నిలబడితే ఇంకో గది నేల కనపడుతుందా అన్నదే చూడండి. కనపడితే ఒకటే వేయండి. లేదా కనీసం అడుగు ఛాయైనా కలపండి. రంగు మారే గీత మాత్రం తలుపు మూసినప్పుడు సరిగ్గా తలుపు రెక్క కిందకి రావాలి. రెండంగుళాలు బయటికొస్తే తలుపు మూసి ఉన్నప్పుడల్లా పక్క గది నేల మీ గదిలోకి తొంగి చూస్తుంది.

"గ్రౌట్ ఏ రంగు వేయాలండీ?"

మంచి ప్రశ్న, నేనే మర్చిపోయాను. టైల్స్ మధ్య సందుల్లో నింపే గ్రౌట్ సంగతి. టైల్ రంగులోనే వేస్తే నేల ఒకే పరుపులా ఉంటుంది. తేడాగా వేస్తే గళ్లు కనిపిస్తాయి. గళ్లు కావాలనుకుంటేనే తేడా. తడి మీద ముదురుగా ఉన్న గ్రౌట్ సాధారణంగా ఆరాక లేతబడుతుంది. అందుకే రెండు టైల్స్ మధ్య నింపి, పూర్తిగా ఆరాక చూసి సరేననండి. నడిచే చోట తెల్ల గ్రౌట్ మాత్రం వద్దు, నా మాట వినండి.

"మేడమ్, మీ ఊదా నేల ఏమైంది?" (నవ్వులు)

ఇంకా అక్కడే ఉంది. తవ్వించలేదు. ముందు బల్బులు మార్చాను, 6500 తీసేసి 3000 పెట్టాను. సగం ఊదా ఆ రాత్రే పోయింది. తర్వాత గోడల క్రీమ్ తీసేసి, పసుపు లేని తెలుపు, అందులో చిటికెడు గ్రే కలిసినది వేయించాను. పక్కన పసుపు పోయేసరికి నేల గ్రే వైపు తిరిగింది. మిగిలింది టేకు. దాని కోసం బంగారు, బూడిద రంగులు రెండూ కలిసిన పెద్ద తివాచీ ఒకటి తెచ్చి సోఫా ముందరి కాళ్లు దాని మీదకి ఎక్కించాను. ఇప్పుడు చెక్కకూ నేలకూ మధ్య అది రాయబారం నడుపుతోంది. ఇప్పటికే వేయించేసి బాధపడుతున్నవాళ్లకు అదే వరస చెప్తాను. బల్బు, గోడ, తివాచీ. తవ్వడం ఆఖరున. వినైల్, అంటే ప్లాస్టిక్ లాంటి నేల మీద మాత్రం రబ్బరు అడుగున్న పట్టాలు వేయకండి, పసుపు మరకలు పడతాయి, పోవు.

ఇంకొకటి చెప్పి దిగిపోతాను. కొనేటప్పుడు డబ్బాలన్నింటి మీదా బ్యాచ్ నంబరు, షేడ్ నంబరు ఒకటేనా అని దించే ముందే చూసుకోండి. పేరు ఒకటే అయినా వేరే బ్యాచ్‌లో రంగు కాస్త జరుగుతుంది. కొలతకు పది శాతం, ఐమూలగా పరిస్తే పదిహేను శాతం ఎక్కువ తీసుకోండి. మిగిలినవి దాచుకోండి. ఐదేళ్ల తర్వాత ఒకటి పగిలితే ఆ రంగు షాపులో దొరుకుతుందన్న నమ్మకం లేదు.

ఈ ముక్కలన్నీ ఇక్కడ బల్ల మీద ఉంచుతున్నాను, తెల్ల కాగితాలూ ఉన్నాయి. వచ్చి చూసుకోండి. అయ్యా, మీరు... చేత్తో పైకెత్తి చూడకండి. కింద పెట్టండి. ఆఁ, ఇప్పుడు నిలబడి చూడండి.